ముసుగేసిన కంప్యూటర్లు

కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్పుతామని పిలిచి చేర్చుకుని, కీబోర్డు మీద చెయ్యి పెట్టనివ్వకుండా కోర్సంతా లాగించేసే కాలేజీ ఎక్కడైనా ఉంటుందా అని అడిగితే, ఉంటుంది, మా అమలాపురంలోనే ఉంది, అందులో నేను చదివాను అని చెబుతాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా ఆయన "అయిపోయిందిగా, ఇంక వదిలెయ్" అంటాడు. ఆయనకేం, చెరువు గట్టు మీద రొయ్యలకి మేత వేసుకునే మనిషి. రొయ్యలు ఆయనకి ఎదురు చెప్పవు, ఆయన రొయ్యలకి ఎదురు చెప్పడు.

నేను కువైట్‌లో పనిచేసి వచ్చినదాన్ని. అక్కడ ఒక పెద్దింట్లో వంట చేశాను, గచ్చులు తుడిచాను, వాళ్ళ పిల్లలకి జడలు వేశాను. మా అమ్మాయికి పాలు మాన్పించి, మా అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి విమానం ఎక్కినదాన్ని, పూర్తిగా వచ్చేసేసరికి అది హైస్కూలుకి వెళ్తోంది. మధ్యలో సెలవులకి వచ్చినా చుట్టపుచూపే. దాని పాలపళ్ళు ఊడటం, మళ్ళీ రావడం, దానికి ఆటలమ్మ పోయడం, అన్నీ ఫోన్లోనే చూశాను. జ్వరంతో మూలుగుతున్న పిల్లని ఫోన్లో చూస్తూ, ఆ ఇంటివాళ్ళ పిల్లకి పాలు కలపడం ఎలా ఉంటుందో చెప్పమంటే నాకు మాటలు రావు, బూతులొస్తాయి. అందుకే ఇంక వెళ్ళనని తిరిగొచ్చిన రోజే ఇంట్లో చెప్పేశాను.

చెప్పడం తేలికే. మా ఊరు ఓడలరేవులో ఉండి ఏం చెయ్యాలి? రొయ్యల షెడ్డులో తలలు తీయాలి, లేదా ఎండుచేపలు తిరగేయాలి. గ్యాసు కంపెనీ దీపాలు మా పెరట్లోకి వెలుగిస్తాయి కానీ, ఆ గేటు లోపల నాలాంటివాళ్ళకి పనేమీ లేదు. మా ఆయన నెమ్మదిగానే అన్నాడు, "ఏదన్నా ఉద్యోగం దొరికితే ఉండిపో. చెరువుల పని ఇవాళుంటుంది, రేపుండదు. లేకపోతే ఏం చేద్దామంటావు, నువ్వే చెప్పు." మా ఆయన అక్క, నన్ను మొదట కువైట్ తీసుకెళ్ళిన మా వదిన, అక్కడినుంచి ఫోన్ చేస్తూనే ఉంది. "మంచి ఇల్లు చూసేను. మామ మంచిది, కసరదు. దసరా వెళ్ళేదాకా ఆపుతాను, ఆ తర్వాత నా చేతిలో ఉండదు మరి" అంది. మామ అంటే ఆ ఇంటి యజమానురాలు. అంటే దసరా వెళ్ళేలోపు నాకు ఇక్కడ ఉద్యోగమన్నా రావాలి, నేను మళ్ళీ పెట్టె అన్నా సర్దుకోవాలి.

ఆ రోజుల్లోనే కాలేజీలో కొత్త కోర్సు పెట్టారని తెలిసింది. డిగ్రీ అక్కర్లేదు, ఇంటర్ పాసైతే చాలు, వయసుతో పని లేదు, చిన్న ఉద్యోగం దొరికేలా ప్రోగ్రామింగ్ నేర్పుతాం అన్నారు. నేను పెళ్ళికి ముందు ఇంటర్ పాసయ్యాను, లెక్కలంటే ఇష్టం. వెళ్ళి చేరిపోయాను. రోజూ పొద్దున్నే వండిపెట్టి, పిల్లని స్కూలుకి పంపి, ఆటోలో పదిమంది మధ్య ఇరుక్కుని అమలాపురం పోయేదాన్ని. క్లాసులో అందరూ నాకంటే బాగా చిన్నవాళ్ళు. అందరికీ నేను అక్కనే.

ల్యాబ్ చూసిన రోజు నాకు నిజంగా గుండె నిండిపోయింది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. చల్లగా, శుభ్రంగా, గోడ పొడవునా కంప్యూటర్లు. అయితే సగానికి పైగా వాటికి నీలం గుడ్డతో కుట్టిన ముసుగులు వేసున్నాయి. అవి పనిచెయ్యవేమో అనుకున్నాను. ముసుగు లేనివాటి దగ్గర ఒక్కోదానికి ముగ్గురు చొప్పున మమ్మల్ని పంచారు. మా బ్యాచ్‌లో ముమ్మిడివరం అబ్బాయి ఒకడు, ఐనవిల్లి అమ్మాయి ఒకతె, నేను.

మా లెక్చరర్ గారు చాలా మర్యాదస్తుడు. గొంతు పెంచి ఎరగడు. ఆయన కుర్చీ లాగి అబ్బాయిని కూర్చోబెట్టి మా ఇద్దరితో అన్నాడు, "అమ్మా, మీరు కొంచెం వెనక నించోండమ్మా. అబ్బాయి కొడతాడు. మీరు ప్రోగ్రామూ, అవుట్‌పుట్టూ రికార్డులో రాయండి. ఆడవాళ్ళ చేతిరాత బాగుంటుంది కదండీ."

ప్రతి కంప్యూటర్ దగ్గరా అదే ఏర్పాటు. కుర్చీలో ఒక అబ్బాయి, వెనకాల పుస్తకం చేతిలో పట్టుకుని ఆడపిల్లలు. ఇదేదో ఆయన కొత్తగా కనిపెట్టింది కూడా కాదు, ఆ కాలేజీలో ఎప్పటినుంచో అంతేనట. ఎవరికీ తప్పనిపించలేదు. ఆడపిల్లలు కూడా హాయిగా గీతలు కొట్టుకుని, ఎర్ర ఇంకుతో హెడ్డింగులు పెట్టుకుని రాసుకుంటున్నారు.

మొదట్లో నేనూ పట్టించుకోలేదు. ఆలోచించేది నేను, కొట్టేది అతను, పని ఒకటే కదా అనుకున్నాను. నిజానికి ఆ పని నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఒక పెద్ద చిక్కుని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, దానికి అర్థమయ్యేలా చెబితే, అది మారు మాట్లాడకుండా చేసిపెడుతుంది. నేను జీవితమంతా ఇంకొకళ్ళు చెప్పింది చేసిన మనిషిని. నేను చెప్పింది చేసే వస్తువు నాకు మొదటిసారి దొరికింది.

వెనక నిలబడి నేను చెబుతుంటే అబ్బాయి టకటకా కొట్టేవాడు. "అక్కా, తర్వాత?" అనేవాడు. "లూపు పెట్టు. లోపల పోల్చు. ఆ ఫ్లవర్ బ్రాకెట్టు మూసెయ్" అనేదాన్ని. ప్రోగ్రాం నడిస్తే లెక్చరర్ గారు వచ్చి అతని భుజం తట్టి "వెరీ గుడ్" అనేవాడు. నా వైపు తిరిగి "మీ రికార్డు ముత్యాలు పేర్చినట్టుందండీ" అనేవాడు. ఒకసారి తప్పెక్కడుందో స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించబోతే, "ముట్టుకోకండమ్మా, మరకలు పడతాయి" అన్నాడు. కువైట్‌లో అద్దాలు తుడిచి తుడిచి అరిగిపోయిన వేళ్ళు నావి. నా వేళ్ళకి మరకలేంటో ఈయన చెప్పాలా అని తిక్క రేగింది. ఊరుకున్నాను.

కొన్నాళ్ళకి ధైర్యం చేసి అడిగాను, "సార్, నేనూ ఒకసారి కొట్టి చూస్తానండీ."

"ఆయ్, తప్పకుండానండీ. చూద్దామండీ" అన్నాడు.

మా గోదావరి వైపు మర్యాద గురించి అందరూ గొప్పగా చెబుతారు. ఆ మర్యాదతో మనిషిని ఎలా పూడ్చిపెట్టొచ్చో బయటివాళ్ళకి తెలియదు. కాదు అన్నవాడితో దెబ్బలాడొచ్చు. "చూద్దామండీ" అన్నవాడితో ఏమని దెబ్బలాడతాం? రెండోసారి అడిగితే, "టైపింగ్‌కి మార్కుల్లేవండీ, రికార్డుకే ఉన్నాయి. మీకెందుకండీ శ్రమ" అన్నాడు. మూడోసారి అడగబోతే ఐనవిల్లి అమ్మాయి ఊరుకోమన్నట్టు నా చెయ్యి పట్టుకుని గిల్లింది. ఆ పిల్ల అప్పటిదాకా క్లాసులో నోరు విప్పగా నేను వినలేదు.

దసరా ముందు కాకినాడ నుంచి ఒక కంపెనీవాళ్ళు వచ్చారు. దుకాణాలకి, రైసు మిల్లులకి బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తారట. అమలాపురంలో చిన్న ఆఫీసు తెరుస్తున్నారు, ట్రైనీలు కావాలి. ఓడలరేవు నుంచి రోజూ వెళ్ళి రావచ్చు. ఇంతకంటే నాకు కావలసిందేముంది? ఆ వారమంతా ఇంట్లో గిన్నెలు తోముతూ కూడా ప్రోగ్రాములు నోట్లో చెప్పుకున్నాను. మా అమ్మాయి నవ్వి "అమ్మకి పిచ్చెక్కింది" అని వాళ్ళ నాన్నకి చెప్పింది.

పరీక్ష మా ల్యాబ్‌లోనే. మనిషికొక కంప్యూటర్. లోపలికి వెళ్ళి చూద్దును కదా, ముసుగులన్నీ తీసేసి ఉన్నాయి. అన్నీ వెలుగుతున్నాయి. అన్నీ పనిచేస్తున్నాయి. నా ముందున్నదాని నుదుటి మీద పోయిన దసరాకి ఆయుధపూజలో పెట్టిన కుంకుమ బొట్టు చెక్కుచెదరకుండా ఉంది. కీబోర్డు మీద గంధం ఎండిపోయి అట్ట కట్టింది. ఏడాది పాటు దాన్ని ముట్టుకున్నవాడు లేడన్నమాట. మేము ముగ్గురేసి కాళ్ళు పీకేలా నిలబడ్డ రోజులన్నిటిలో ఇవి మా పక్కనే నిక్షేపంలా కూర్చున్నాయి.

మూడు ప్రశ్నలు. మొదటిది: కొన్ని అంకెలిస్తే అందులో రెండో పెద్దది చెప్పాలి. చదవగానే తెలిసిపోయింది. గంపలో చేపలు ఏరేటప్పుడు పెద్దదాన్ని ఒక చేత్తో, దాని తర్వాతదాన్ని ఇంకో చేత్తో పట్టుకుని, కొత్తది వచ్చినప్పుడల్లా పోల్చి మార్చుకోవడమే. మూడిటికీ మెట్లు రఫ్ కాగితం మీద రాసుకుని, నవ్వుకుంటూ కీబోర్డు మీద చెయ్యి పెట్టాను.

అక్షరాలు ఎక్కడున్నాయో నాకు తెలియదు. ఫోన్లో బొటనవేలితో వెతుక్కోవడం వేరు, ఇది వేరు. ఒక్కో అక్షరానికీ వరసలన్నీ వెతికాను. ఫ్లవర్ బ్రాకెట్టు కనిపిస్తోంది కానీ, నొక్కితే మామూలు బ్రాకెట్టు పడుతోంది. ఎలాగో అది తేల్చుకుంటే, ఏం నొక్కానో ఏమో, అన్నీ పెద్దక్షరాలే పడుతున్నాయి. ఎంత కొట్టినా ఎర్రర్లే. ఎవరినీ అడగకూడదు. మెడ వెనక చెమట కారుతోంది. జవాబు మొత్తం తలలో ఉంది, చెయ్యి నాలుగు లైన్ల దగ్గరే కొట్టుకులాడుతోంది. టైమ్ అయిపోయిందన్నారు.

కంపెనీ నుంచి వచ్చినావిడ నా రఫ్ కాగితం చూసి ఆశ్చర్యపోయింది. "మీకు మూడూ వచ్చు కదండీ. ఎందుకు పూర్తి చెయ్యలేదు?"

"చేతికి అలవాటు లేదండీ" అన్నాను.

"అదేంటి, మీకు ల్యాబ్ లేదా?"

నేను నోరు తెరిచేలోపు లెక్చరర్ గారు ముందుకొచ్చి, "భలేవారండీ, జిల్లాలో ఇంత మంచి ల్యాబ్ ఇంకోచోట లేదండీ" అన్నాడు చిరునవ్వుతో. ఆ నవ్వు చూస్తే నాకు కడుపు రగిలిపోయింది.

మా బ్యాచ్ అబ్బాయి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మొహం పీక్కుపోయింది. "అక్కా, చేతులు ఆడుతున్నాయి కానీ ఏం కొట్టాలో తెలియలేదక్కా. మీరు చెప్పడానికి లేరు కదా" అన్నాడు. పక్కన ఐనవిల్లి అమ్మాయి ఏడుస్తోంది. మా ముగ్గురినీ కలిపి ఒక మనిషిగా తీసుకుంటే ఆ ఉద్యోగం వచ్చేసేది. ఆ రోజు ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న ఒకే ఒక్క అబ్బాయిని తీసుకున్నారు. మిగతా ఖాళీలకి దసరా వెళ్ళగానే మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళిపోయారు.

మర్నాడు ల్యాబ్‌కి వెళ్ళేసరికి కంప్యూటర్లకి మళ్ళీ ముసుగులు వేసేసి ఉన్నాయి. అంతే, నాలో ఏదో తెగిపోయింది. నేరుగా వెళ్ళి, బొట్టు పెట్టిన ఆ కంప్యూటర్ ముసుగు లాగి పక్కన పడేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

లెక్చరర్ గారు గబగబా వచ్చేశాడు. "అమ్మా, అవి కాదండీ. పైనుంచి తనిఖీకి వచ్చేవాళ్ళకి చూపించాల్సినవండీ అవి. వాడేస్తే పాతబడిపోతాయి కదండీ."

"మరి మేం దేనికి వాడాలి సార్?"

"ఉన్నవి సరిపోతున్నాయి కదండీ."

"ఎవరికి సరిపోతున్నాయి? నిన్న చూశారుగా."

"మీకెందుకండీ అంత కోపం? ఏదో సరదాకి చేరేరు. మీకు కువైట్‌లో బంగారం లాంటి పని ఉంది కదండీ" అన్నాడు. నిజంగా నా మంచి కోరి అంటున్నట్టే అన్నాడు.

ఆ మాటతో నాకు కళ్ళు కనిపించలేదు. "సరదాకి కాదు సార్. నాకిక్కడ ఉద్యోగం రాకపోతే నా పిల్లని వదిలేసి మళ్ళీ వెళ్ళాలి. అక్కడ ఒకళ్ళ పాకీ దొడ్లు కడగాలి. దాన్ని బంగారం అనకండి. మీ ముసుగులు నలుగుతాయని నేను నా పిల్లని వదులుకోను" అన్నాను. నా గొంతు వరండా దాకా వినిపించిందని తర్వాత చెప్పారు. వినిపించనీ.

"దుమ్ము పడుతుందండీ" అన్నాడు ఆయన.

"దుమ్ము నేను తుడుస్తాను. నాకు వచ్చిన పనే."

ఆయన ప్రిన్సిపాల్ గారితో చెబుతానని కదిలాడు. అంతలో నా పక్కన బర్రున చప్పుడైంది. ఐనవిల్లి అమ్మాయి పక్క కంప్యూటర్ ముసుగు లాగేసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ తర్వాత ఇంకో పిల్ల, ఇంకో పిల్ల. ప్రిన్సిపాల్ గారు వచ్చేసరికి నీలం గుడ్డలన్నీ గచ్చు మీద కుప్పగా పడున్నాయి. ఆయన కాసేపు చూసి, "సరే, కానివ్వండి. ఏదన్నా పాడైతే మాత్రం బాధ్యత మీదేనండీ" అని వెళ్ళిపోయాడు. నేర్పే బాధ్యత ఎవరిదో మాత్రం ఆయన చెప్పలేదు.

ఆ రోజునుంచి నేను పశువులా కొట్టాను. పొద్దున్న ల్యాబ్ తెరవగానే వెళ్ళి, తలుపులు వేసేదాకా కూర్చునేదాన్ని. మా బ్యాచ్ అబ్బాయి కీబోర్డు కిటుకులన్నీ చూపించాడు. పెద్దక్షరాల మీట ఏదో అతనే చెప్పాడు. నేను అతనికి "ముందు కాగితం మీద ఆలోచించు, తర్వాత కొట్టు" అని చెప్పి, ఒక్కో లెక్కా విడగొట్టి చూపించాను. ఆ ఏడు దసరాకి పెట్టిన బొట్లు మా వేళ్ళు తగిలి మర్నాటికే చెరిగిపోయాయి.

కంపెనీవాళ్ళు రావడానికి ముందు రోజు వదిన ఫోన్ చేసింది. "ఇవాళే చెప్పాలి, వాళ్ళు ఆగట్లేదు. వస్తున్నావా?" అంది. మా ఆయన అన్నం తింటూ చెయ్యి ఆపేశాడు. మా అమ్మాయి గుమ్మంలో పుస్తకం పట్టుకుని నిలబడిపోయింది. రేపు పరీక్షలో ఏమవుతుందో నాకు తెలియదు. "రానండి వదినగారూ. ఆ ఇల్లు ఇంకెవరికన్నా చెప్పెయ్యండి" అన్నాను. "అక్కడ ఉద్యోగం వచ్చేసిందా ఏంటి?" అంది. "రాలేదండి" అన్నాను. మా ఆయన మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. నాకు భయమేసింది, కానీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు రెండు ప్రోగ్రాములు పూర్తిగా నడిపాను, మూడోది సగం. నన్నూ, ఐనవిల్లి అమ్మాయినీ తీసుకున్నారు. మా బ్యాచ్ అబ్బాయికి రాలేదు. అతని మీద నాకు ఏనాడూ కోపం లేదు. అతనికీ సగం చదువే చెప్పారు, ఇంకో సగం నేర్చుకునే టైమ్ చాల్లేదు. కాలేజీ గేటుకి మా ఫోటోలతో ఫ్లెక్సీ కట్టారు. పైన లెక్చరర్ గారి ఫోటో మాకంటే పెద్దది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, మా అమ్మాయి పక్కన కూర్చున్నాను. వాళ్ళ స్కూలుకి కూడా కంప్యూటర్లు వచ్చాయట. మొహం వెలిగిపోతోంది. "ఏం నేర్పేరే?" అని అడిగాను.

"అబ్బాయిలు కొట్టేరమ్మా. మేం వెనకాల నించుని రాసుకున్నాం. అందరికంటే నా నోట్సే బాగుందని మాస్టారు మెచ్చుకున్నారు" అని, సంతోషంగా పుస్తకం తెరిచి చూపించింది.

ముత్యాల్లా రాసింది. ఎర్ర ఇంకుతో హెడ్డింగు కూడా పెట్టింది. నేను కువైట్‌లో ఉండుంటే ఫోన్లో ఆ పేజీ చూసి, "ఎంత బాగా రాసేవే బంగారం" అని ముద్దు పెట్టి, వాళ్ళ వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

పొద్దున్నే ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని ఫోన్ చేసి, పిల్ల చెయ్యి పట్టుకుని స్కూలుకి నడిచాను. మాస్టారు గారు చాలా మర్యాదగా లేచి, "రండమ్మా, రండి, కూచోండి" అని కుర్చీ జరిపారు.

"నాకొద్దండీ. కంప్యూటర్ ముందు మా అమ్మాయికి వెయ్యండి" అన్నాను.